వైజాగ్‌లో స్టూడెంట్స్‌మి కలిసి ధైర్యం చెప్పే ఉత్తరాలు రాసే గ్రూప్ పెడదామనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టాలో చెప్పండి

సెకండియర్_మద్దిలపాలెం:

అందరికీ నమస్కారం. నేను ఇక్కడే వైజాగ్‌లో డిగ్రీ సెకండియర్ చదువుతున్నా, ఇల్లు మద్దిలపాలెం దగ్గర. మా క్లాసు వాళ్ళు, పక్క సెక్షన్ వాళ్ళు కలిపి 14 మందిమి ఒక చిన్న గ్రూప్ పెట్టాలనుకుంటున్నాం. చేసే పని ఒక్కటే, ఉత్తరాలు రాయడం. హాస్పిటల్లో చాలారోజులుగా ఉన్నవాళ్ళకి, వృద్ధాశ్రమాల్లో ఉన్న పెద్దవాళ్ళకి, హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే పిల్లలకి. చేత్తో రాసిన ఉత్తరమే, వాట్సాప్ మెసేజ్ కాదు, ప్రింట్ తీసిన కార్డు కాదు.

ఈ ఆలోచన ఎందుకొచ్చిందంటే, మా తమ్ముడు పోయినేడాది ఇంటర్ ఫస్టియర్‌కి హాస్టల్లో చేరాడు. అక్కడ ఫోన్ ఉండనివ్వరు, వారానికోసారి లైన్లో నిలబడి ఇంటికి మాట్లాడాలి, వెనకాల ఇంకో పదిమంది నిలబడి ఉంటారు కాబట్టి తిన్నావా, చదువుతున్నావా, మార్కులెంతొచ్చాయి అనేసరికే టైమ్ అయిపోయేది. మా తాతయ్యకి ఫోన్లో మాటలు సరిగ్గా వినపడవు, అందుకని ఆయన ఊర్నించి వాడికి పోస్టు కార్డు రాయడం మొదలెట్టారు, వారం వారం. అందులో పెద్ద విషయాలేం ఉండేవి కాదు, పెరట్లో జామచెట్టు కాసింది, నీ సైకిల్‌కి గాలి కొట్టించాను, పక్కింటోళ్ళ ఆవు ఈనింది, ఇంతే. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు వాడి బ్యాగులో బట్టల కింద ఆ కార్డులన్నీ వరసగా పేర్చి రబ్బర్ బ్యాండ్ వేసి ఉన్నాయి. ఇవెందుకురా దాచావు అని అమ్మ అడిగితే, రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఒకటి చదువుకుని పడుకునేవాణ్ణి అన్నాడు. ఆ మాట నాకు మనసులోంచి పోవట్లేదు. సొంత అక్కని, నేను వాడికి ఒక్క ఉత్తరం కూడా రాయలేదు.

ఇప్పుడు నా డౌట్స్ ఏంటంటే, హాస్పిటల్స్‌లో, ఆశ్రమాల్లో పర్మిషన్ ఎవర్ని అడగాలి, మాలాంటి స్టూడెంట్స్‌ని అసలు రానిస్తారా. ముక్కూ మొహం తెలీని మనిషికి ఏమని రాయాలి, నేను ఒకటి రాద్దామని కూర్చుంటే "మీరు ధైర్యంగా ఉండాలి, అంతా మంచే జరుగుతుంది" దగ్గర ఆగిపోయా, చదువుకుంటే నాకే ఏమీ అనిపించలేదు. గ్రూప్‌ని రిజిస్టర్ చేయించాలా. డబ్బులు ఎంతవుతాయి, మా 14 మందిలో ఎవరికీ నెలకి వంద కంటే పెట్టే పరిస్థితి లేదు. ఇలాంటిది చేసినవాళ్ళు గానీ, ఇలాంటి ఉత్తరం అందుకున్నవాళ్ళు గానీ ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి, ఎంత పెద్దగా రాసినా చదువుతాను.


వార్డు_సిస్టర్:

చెల్లీ, నేను గవర్నమెంట్ హాస్పిటల్లో స్టాఫ్ నర్సుని, 16 ఏళ్ళ సర్వీసు. నీ పోస్టు నైట్ డ్యూటీలో చదివి అప్పుడే రిప్లై ఇద్దామనుకున్నా, కుదర్లేదు, ఇప్పుడు ఇంటికొచ్చి రాస్తున్నా.

ముందు పర్మిషన్ సంగతి. నేరుగా కాగితాలు పట్టుకుని వార్డులోకి వచ్చేస్తే సెక్యూరిటీ దగ్గరే ఆపేస్తారు, ఆపాలి కూడా. మీ కాలేజీ లెటర్‌హెడ్ మీద సూపరింటెండెంట్ గారికి ఒక లెటర్ పెట్టండి, ఎన్ఎస్ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్ సంతకంతో అయితే ఇంకా మంచిది. ఏ వార్డుకి వస్తారు, నెలకి ఎన్నిసార్లు, ఒకసారికి ఎంతమంది, ఫోటోలు వీడియోలు తియ్యం, పేషెంట్ల వివరాలు ఎక్కడా పెట్టం, ఇవన్నీ అందులో రాసెయ్యండి. సంతకం అయిన కాపీ ఒకటి ఆ వార్డు హెడ్ సిస్టర్ చేతికి ఇవ్వండి, ఎందుకంటే పైన ఎవరు ఒప్పుకున్నా పని జరిగేది ఆవిడ దగ్గరే. కేజీహెచ్, అదే మన కింగ్ జార్జ్ హాస్పిటల్, ఓపీ దగ్గర పొద్దున్నపూట జనాన్ని ఎప్పుడైనా చూశావా, 1923 నుంచి ఉత్తరాంధ్ర మొత్తానికి అదే పెద్ద దిక్కు, అలాంటి చోట సిస్టర్లకి మంచినీళ్ళు తాగే ఖాళీ కూడా ఉండదు, కాబట్టి "మేం ఉత్తరాలు తెచ్చాం, మీరు పంచిపెట్టండి" అని మాత్రం అనకండి, మీరే ఇద్దరు ముగ్గురు వచ్చి మధ్యాహ్నం విజిటింగ్ అవర్స్‌లో ఇచ్చి వెళ్ళిపోవాలి.

ఇక ఎవరూ ఆలోచించని విషయం ఒకటి. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో పాడేరు, అరకు ఏజెన్సీ వాళ్ళు, ఒడిశా నుంచి కోరాపుట్, రాయగడ, మల్కనగిరి వాళ్ళు చాలామంది ఉంటారు. చాలామందికి చదవడం రాదు, కొందరికి తెలుగే రాదు. నువ్వు ఎంత అందంగా రాసినా ఆ కాగితం దిండు కిందకి పోతుంది. కాబట్టి చదివి వినిపించేలా రాయండి, పది పన్నెండు లైన్లు చాలు, పుస్తకాల మాటలొద్దు, ఇంట్లో మాట్లాడినట్టే రాయండి. మీ గ్రూప్‌లో ఒడియా వచ్చిన ఒక్క మనిషిని పట్టుకున్నారంటే సగం పని అయినట్టే, వైజాగ్ కాలేజీల్లో దొరక్కపోరు.

ఒక సంగతి చెప్తా. రెండేళ్ళ కిందట మా వార్డులో జాలారిపేట ఆయన ఒకాయన కాలు ఆపరేషన్ అయ్యి నెలన్నర ఉన్నాడు. సముద్రంలో చేపల వేట నిషేధం టైమ్‌లో వచ్చి పడ్డాడు, అందరిమీదా విసుక్కునేవాడు. మా ట్రైనీ నర్సింగ్ పిల్ల ఒకతి, వాళ్ళ నాన్నది కూడా వేటే, ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి తెచ్చింది. "మామయ్యా, జూన్ 14 తో నిషేధం అయిపోయింది, నిన్న రాత్రి హార్బర్లో బోట్లకి ఐస్ ఎక్కించారు, మా నాన్న వాళ్ళు కూడా వెళ్ళారు, పొద్దున్న గాలి బాగానే ఉందంట, నీ బోటు కొత్త రంగు వేసి ఒడ్డునే ఉంది, నేను చూశాను" అని. ఆయన దాన్ని మూడుసార్లు చదివించుకున్నాడు. ధైర్యంగా ఉండు అనే మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు, గమనించు.

ఇంకోటి, పేషెంటుకే ఎందుకు రాయాలి? పక్కన కింద చాప వేసుకుని ఇరవై రోజులు పడుకునే వాళ్ళ అమ్మకి, భార్యకి రాయండి. డాక్టర్లు, మేము, చూడ్డానికి వచ్చిన చుట్టాలు అందరం మంచం మీద మనిషినే అడుగుతాం ఎలా ఉంది అని. ఆ కింద కూర్చున్నావిణ్ణి నువ్వు తిన్నావా అని అడిగినవాళ్ళు నా సర్వీసులో నాకు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే కనిపించారు. ఇది నేను గట్టిగా చెప్తున్నా, మీ గ్రూప్ ఏ ఇతర పనీ చెయ్యకపోయినా ఇది చెయ్యండి.

క్యాన్సర్ వాళ్ళకి రాద్దామనుకుంటే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, రేడియేషన్‌కి వచ్చినవాళ్ళు వారాల తరబడి ఊరికి దూరంగా ఉండాలి కాబట్టి నిజంగా అవసరం. కానీ కీమో నడిచేవాళ్ళకి ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ, అక్కడి వాళ్ళు ఏం చెప్తే అదే వినాలి. కొత్త కాగితం, చేతులు కడుక్కుని రాసింది, మెరుపుల పొడి స్టిక్కర్లు, పువ్వులు ఏవీ వద్దు. జలుబు చేసిన వాళ్ళు ఆ రోజు రాకూడదు. "తొందరగా కోలుకోండి" అని అందరికీ రాసెయ్యకండి, కొందరు కోలుకోరు, వాళ్ళకి ఆ సంగతి తెలుసు.


సీనియర్_గాజువాక:

నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు సరిగ్గా ఇదే చేశాను. అది ఎలా ఆగిపోయిందో చెప్తాను, ఎందుకంటే ఎలా మొదలెట్టాలి అనేదానికంటే ఎలా ఆగిపోద్దో తెలిస్తే నీకు ఎక్కువ ఉపయోగం.

మా కాలేజీ ఫెస్ట్‌లో ఒక టేబుల్ వేసి, రంగు కాగితాలు పెట్టి, ఎవరైనా రాయొచ్చు అన్నాం. ఒక్కరోజులో 400 పైగా ఉత్తరాలు. మాకు ఆనందం పట్టలేదు, అందరం ఫోటోలు దిగాం. తర్వాత చూస్తే సగం ఉత్తరాల్లో ఒకటే లైన్లు, నెట్‌లోంచి దింపినవి, ఒకళ్ళది చూసి ఇంకొకళ్ళు రాసినవి. అయినా అన్నీ కట్టగట్టి ఒక వృద్ధాశ్రమంలో ఇచ్చి వచ్చేశాం. మొదటి మీటింగ్‌కి 60 మంది, మూడో నెలకి ఆరుగురం, ఇంటర్నల్స్ వచ్చాయి, ప్లేస్‌మెంట్స్ వచ్చాయి, అయిపోయింది.

ఐదు నెలల తర్వాత ఆ ఆశ్రమం ఆయన వేరే పనిమీద ఫోన్ చేసి, మీవాళ్ళకి ఒక ఉత్తరం వచ్చింది బాబూ, ఎప్పుడో వచ్చింది, ఎవరికివ్వాలో తెలీక ఉంచాను అన్నారు. వెళ్ళి తెచ్చుకున్నా. ఇన్‌లాండ్ లెటరు, వణికే చేత్తో మూడు వైపులా నిండా రాసి ఉంది. అక్కడుండే ఒక పెద్దాయన, తనకి వచ్చిన ఉత్తరం రాసిన అమ్మాయికి జవాబు రాశారు. నీ అక్షరం మా చిన్నమ్మాయి అక్షరంలా ఉందమ్మా, నీ పరీక్షలు ఎలా రాశావు, మళ్ళీ ఎప్పుడు రాస్తావు అని. ఆ అమ్మాయి ఎవరో మాకు తెలీదు. ఉత్తరాల మీద పేర్లు లేవు, మా దగ్గర రిజిస్టర్ లేదు, వాట్సాప్ గ్రూప్‌లో పెడితే ఎవరూ పలకలేదు. నేనే వెళ్ళి ఆయన్ని కలుద్దామనుకున్నా, అప్పటికి ఆయన్ని వాళ్ళ కొడుకు హైదరాబాద్ తీసుకెళ్ళిపోయాడు. ఆ ఇన్‌లాండ్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అందుకని నేను చెప్పేది, 14 మంది ఉన్నారు కాబట్టి 14 మందికే రాయండి. ఒక్కొక్కరికి ఒక మనిషి, నెలకి ఒక ఉత్తరం, కనీసం ఆరు నెలలు. వంద మందికి ఒక్కసారి రాయడం కంటే ఒక మనిషికి ఆరుసార్లు రాయడం వెయ్యి రెట్లు మేలు. ఒక లాంగ్ నోట్‌బుక్ కొని, ఎవరు ఎవరికి ఏ తారీకున రాశారు, జవాబు వచ్చిందా, ఇచ్చారా, ఇవి నాలుగు కాలమ్స్ గీసి పెట్టుకోండి. ఫోన్లో ఎక్సెల్ షీట్ అయితే అది పెట్టినవాడు గ్రూప్ వదిలేస్తే పోతుంది. జవాబు వస్తే వారంలోపు ఆ పిల్లకో పిల్లాడికో చేరాల్సిందే. సెమిస్టర్ పరీక్షలు ఎప్పుడో మీకు ముందే తెలుసు కదా, ఆ నెల ఉత్తరం ముందు నెలలోనే రాసి పెట్టేసుకోండి. ఎవరికైనా ఆపెయ్యాలని ఉంటే చెప్పకుండా మాయమవ్వకూడదు, "తాతయ్యా, ఇది నా ఆఖరి ఉత్తరం, ఇకనుంచి మా ఫ్రెండ్ రాస్తుంది" అని ఒకటి రాసి వెళ్ళాలి. ఈ ఒక్క రూల్ మాకు ఉండుంటే బాగుండేది.

రిజిస్ట్రేషన్ గురించి, ఇప్పుడు అస్సలు అవసరం లేదు. సొసైటీల చట్టం కింద చేయించాలంటే కనీసం ఏడుగురు సభ్యులు, బైలాస్, ఏటేటా లెక్కలు, ఆ పేపర్లు చూసుకోవడంలోనే మీ ఓపిక అయిపోతుంది. కాలేజీ ఎన్ఎస్ఎస్ యూనిట్ కిందే చెయ్యండి. ఎన్ఎస్ఎస్ వాలంటీర్‌కి రెండేళ్ళలో 240 గంటల సేవ ఉండాలి, ఏడాదికి 120, మీ సార్ ఒప్పుకుంటే ఇది అందులోకే వస్తుంది. బయటివాళ్ళకి కూడా కాలేజీ పేరు ఉంటే నమ్మకం.


సెకండియర్_మద్దిలపాలెం:

సిస్టర్ అక్కా, అటెండెంట్స్‌కి రాయమన్నారు చూడండి, అది చదివి మా అమ్మకి చూపించా, మా మామ్మ హాస్పిటల్లో ఉన్నప్పుడు 22 రోజులు కిందే పడుకుంది మా అమ్మ, ఏమీ మాట్లాడలేదు, ఫోన్ తీసుకుని మళ్ళీ చదువుకుంది. తప్పకుండా చేస్తాం. అన్నా, ఆ ఇన్‌లాండ్ సంగతి చదివాక మేం నోట్‌బుక్ ఈరోజే కొన్నాం. ఇంకా పోస్టు ఖర్చులు, అడ్రస్‌లు ఎలాగో ఎవరైనా చెప్పండి, మా 14 మందిలో కవరు మీద అడ్రస్ రాయడం సరిగ్గా వచ్చింది ఇద్దరికే, నాక్కూడా రాదు.


రిటైర్డ్_పోస్టు_మేస్టారు:

ఏటమ్మా, ఉత్తరాల గురించి మాట్లాడుకుంటూ పోస్టాఫీసు వాణ్ణి పిలవకపోతే ఎలా. 34 ఏళ్ళు తపాలా శాఖలో చేసి రిటైరయ్యాను, మాది శ్రీకాకుళం వైపు, ఉండేది సీతమ్మధార.

ఖర్చు చూసుకో. పోస్టు కార్డు 50 పైసలు, ఇన్‌లాండ్ రెండున్నర, స్టాంపు కవరు 5 రూపాయలు. కవరు 20 గ్రాముల దాకా ఆ ఐదు రూపాయలకే వెళ్ళిపోద్ది, మామూలు ఏ4 కాగితాలు రెండు మడతపెట్టి వేస్తే ఆ బరువు దాటదు. మీరు 14 మంది నెలకో కవరు అంటే 70 రూపాయలు, అందరికీ కలిపే. ఆరు నెలలకి 420. దీనికి చందాలు, స్పాన్సర్లు ఏమీ అక్కర్లేదమ్మా. ఊళ్ళోనే అయితే చేత్తో పట్టుకెళ్ళి ఇచ్చినా సరే గానీ, నా మాట వింటే కనీసం పెద్దవాళ్ళకి పోస్టులోనే వెయ్యండి. పోస్టుమేన్ వచ్చి పేరు పెట్టి పిలిచి "మీకు ఉత్తరం వచ్చిందండీ" అన్నప్పుడు ఆ వరండాలో మిగతా వాళ్ళంతా తలెత్తి చూస్తారు. నేను బీటు చేసిన రోజుల్లో అది వేలసార్లు చూశాను. ఆ పిలుపు కూడా ఉత్తరంలో భాగమే.

కార్డు మీద మాత్రం రోగం సంగతి, ఇంటి గొడవలు రాయకూడదు, అది బయటికి కనపడేది, దారిలో ఎవరైనా చదవొచ్చు. హాస్టల్ పిల్లలకి, ఆశ్రమం వాళ్ళకి కార్డు బాగుంటుంది, హాస్పిటల్ వాళ్ళకి కవరే. హాస్పిటల్లో ఉన్నవాళ్ళకి పోస్టులో వేస్తే అది చేరేసరికి డిశ్చార్జ్ అయిపోవచ్చు, వాళ్ళకి మాత్రం చేత్తోనే ఇవ్వండి.

అడ్రస్ ఎలాగంటే, కవరు కుడివైపు కింది భాగంలో రాయాలి. మొదటి లైను మనిషి పేరు, గారు అని పెట్టు. రెండోది కేరాఫ్ ఫలానా ఆశ్రమం. మూడోది వీధి, పేట. తర్వాత విశాఖపట్నం, చివర్న పిన్‌కోడ్ ఆరంకెలూ విడివిడిగా, గుండ్రంగా. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15 న వచ్చింది, అందులో మొదటి మూడంకెలు సార్టింగ్ జిల్లా, మనకి 530 అంటే సిటీ, 531 అయితే అనకాపల్లి, పాడేరు, అరకు వైపు. చాలామంది సిటీయే కదా అని ఎవరికైనా 530001 వేసేస్తారు, అది హెడ్డాఫీసుది, అలా వేస్తే ఒకరోజు ఎక్కువ తిరుగుద్ది. పంపినవాళ్ళ అడ్రస్ తప్పనిసరి, కానీ ఆడపిల్లలు, అసలు ఎవరూ కూడా ఇంటి అడ్రస్ పెట్టొద్దు. ఒక్క పేరు మాత్రం రాసి, కేరాఫ్ ఎన్ఎస్ఎస్ యూనిట్, మీ కాలేజీ అడ్రస్ పెట్టండి. జవాబులు అక్కడికే వస్తాయి, ఆ అబ్బాయి చెప్పిన నోట్‌బుక్కులో ఎక్కించుకోవచ్చు. ఫోన్ నంబర్లు అసలే ఇవ్వకూడదు.

పెద్దవాళ్ళకి రాసేటప్పుడు అక్షరం పెద్దది, నల్ల సిరా, లైనుకీ లైనుకీ మధ్య ఎడం. జెల్ పెన్ను వాన తడికి కారిపోద్ది, బాల్ పెన్ను వాడండి. ఇంకో మాట, అక్టోబర్ 9 ప్రపంచ తపాలా దినం, 1874 లో ఆ రోజున స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో 22 దేశాలు కూడి తపాలా యూనియన్ పెట్టుకున్నాయి, ఆ వారంలో పోస్టాఫీసుల్లో కార్యక్రమాలు జరుగుతాయి. ఢాయీ ఆఖర్ అని తపాలా శాఖ ఏటా ఉత్తరాల పోటీ కూడా పెడుతుంది, చేత్తో రాయాలి, తెలుగులో రాయొచ్చు. మీవాళ్ళకి చేయి తిరగడానికి అది మంచి అవకాశం.


లాంగ్‌టర్మ్_పూర్తయింది:

హాస్టల్ పిల్లలకి రాసేవాళ్ళకి నేను ఒకటి చెప్పాలి. నేను ఇంటర్ రెండేళ్ళు, నీట్ లాంగ్‌టర్మ్ ఒక ఏడాది, మొత్తం మూడేళ్ళు హాస్టల్లో ఉన్నా. ఉత్తరాలు ముందు ఆఫీసులో విప్పి చూసేవాళ్ళు, తర్వాత మాకిచ్చేవాళ్ళు, అన్ని చోట్లా అలాగే ఉంటుందని కాదు గానీ అది గుర్తుంచుకుని రాయండి, పిల్లని ఇబ్బందిపెట్టేవి ఏవీ ఉండకూడదు. తల్లిదండ్రులకి, వార్డెన్‌కి చెప్పకుండా 18 ఏళ్ళ లోపు పిల్లలకి అస్సలు రాయొద్దు, ఎంత మంచి మనసుతో రాసినా సరే, అవతల వాళ్ళకి మీరెవరో తెలీదు.

నాకు వచ్చిన వాటిలో "నువ్వు తప్పకుండా సాధిస్తావు, నీ మీద మాకు నమ్మకం ఉంది" అని రాసినవి చదివితే ఊపిరాడేది కాదు. ఇంకో మనిషి నమ్మకం కూడా నేనే మోయాలి అన్నట్టు ఉండేది. అలా అని మార్కులు ముఖ్యం కాదు అని రాసినా కోపం వచ్చేది, రోజుకి పన్నెండు గంటలు దానికోసమే కూర్చున్నాను కదా. మా అత్త కూతురు రాసిన ఒకటి మాత్రం నాకు బట్టీ వచ్చు. రుషికొండ వెళ్ళాం, అలలు పెద్దగా ఉన్నాయి, నీ చెప్పులు మా ఇంట్లోనే ఉండిపోయాయి కదా అవి వేసుకుని వెళ్ళాను, తడిసిపోయాయి, నువ్వొచ్చాక కొత్తవి కొనిస్తా అని. నేను లేకపోయినా అక్కడ నాకో చోటు ఉంది అనిపించింది. ఆ ఒక్క ఉత్తరంతో ఒక నెల గడిపాను.

ఇంటర్ వాళ్ళకి రాస్తే టైమింగ్ చూసుకోండి. పరీక్షలు ఫిబ్రవరి, మార్చిలో, రిజల్ట్స్ ఏప్రిల్లో. అందరూ పరీక్షల ముందు ఆల్ ద బెస్ట్ చెప్తారు, రిజల్ట్స్ ముందు వారం ఎవరూ పలకరించరు. ఆ వారంలో అందేలా వెయ్యండి. పరీక్ష తప్పితే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుందని, అది పాసైతే ఏడాది పోదని, అదే ఏడాది డిగ్రీలో చేరొచ్చని మామూలు మాటల్లో రాయండి. మా రూమ్‌లో ఒకమ్మాయికి ఆ సంగతి నిజంగా తెలీదు, రెండు రోజులు అన్నం ముట్టలేదు.


కౌన్సెలింగ్_డెస్క్:

ఇక్కడ అందరూ మంచి విషయాలు చెప్పారు. నేను సైకాలజీ చదివి స్టూడెంట్ కౌన్సెలర్‌గా చేస్తున్నాను, ఒక జాగ్రత్త చెప్పి, దాంతోపాటు మీకు ఉపయోగపడే సంగతి ఒకటి చెప్తాను.

జాగ్రత్త ఏంటంటే, జవాబుల్లో ఎవరైనా "నాకు బతకాలని లేదు", "నేను అందరికీ భారం" లాంటి మాట రాస్తే ఆ ఉత్తరం అందుకున్న స్టూడెంట్ దాన్ని తనలో దాచుకోకూడదు, తిరిగి ఉత్తరం రాసి ఓదార్చి ఊరుకోకూడదు. ఆ రోజే మీ ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి, ఆ ఆశ్రమంలోనో హాస్పిటల్లోనో బాధ్యత ఉన్నవాళ్ళకి చెప్పాలి. టెలి మానస్ అని మానసిక ఆరోగ్యానికి ఫోన్ హెల్ప్‌లైన్ ఒకటి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10 న మొదలెట్టింది, నంబర్ 14416, 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. పెద్దవాళ్ళ సమస్యలకి 14567, పిల్లలకి 1098. ఈ మూడూ మీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. మీ వాలంటీర్లకి బరువుగా అనిపించినా అదే 14416 కి చెయ్యొచ్చు, అది మీకోసం కూడా. బాలల సంరక్షణ గృహాలకి రాద్దామనుకుంటే జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 లో సెక్షన్ 74 ఉంది, ఆ పిల్లల గుర్తింపు బయటపెట్టడం నేరం, కాబట్టి వాళ్ళ పేర్లు, ఫోటోలు, వాళ్ళు రాసిన కాగితాల ఫోటోలు స్టేటస్‌లలో పెట్టడానికి వీల్లేదు.

ఇక రెండోది. శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే సైకియాట్రిస్టు ఉండేవారు. డిప్రెషన్‌తో, ఆత్మహత్య ఆలోచనలతో హాస్పిటల్లో చేరి, ఇంటికెళ్ళాక మళ్ళీ ట్రీట్‌మెంట్‌కి రామన్న 843 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఐదేళ్ళపాటు ఉత్తరాలు పంపించారు. మొదట్లో నెలకొకటి, తర్వాత రెండు నెలలకి, ఆ తర్వాత మూడు నెలలకి, మొత్తం 24. వాటిలో సలహాలు లేవు, రండి అని బలవంతం లేదు, మీరు ఇక్కడినుంచి వెళ్ళి కొన్నాళ్ళయింది, బాగున్నారని అనుకుంటున్నాం, రాయాలనిపిస్తే రాయండి, ఇంతే, రెండు మూడు లైన్లు. 2001 లో వాళ్ళు అచ్చువేసిన ఫలితాల్లో, ఉత్తరాలు అందిన గుంపులో మొదటి రెండేళ్ళలో ఆత్మహత్య మరణాలు స్పష్టంగా తక్కువ. ఉత్తరాలు తగ్గేకొద్దీ ఆ తేడా కూడా తగ్గుతూ వచ్చింది. అయితే ఆ ఉత్తరాలు రాసింది హాస్పిటల్లో ఆ మనిషితో కూర్చుని మాట్లాడిన సిబ్బంది, కొత్తవాళ్ళు కాదు, కాబట్టి మీరు రాసేది వైద్యం అనుకోకండి, అలా అని ఎవరికీ చెప్పకండి. కానీ చూడండి, అక్కడ పనిచేసింది గొప్ప వాక్యాలు కాదు, జవాబు ఆశించకుండా మళ్ళీ మళ్ళీ రావడం. పైన గాజువాక ఆయన తన అనుభవం నుంచి చెప్పింది కూడా సరిగ్గా అదే. మీరు మొదట హాస్పిటల్లోనో ఆశ్రమంలోనో ఆ మనిషిని ఒక్కసారి కలిసి పావుగంట కూర్చుని వచ్చి, ఆ తర్వాత రాయడం మొదలెడితే "ఏమని రాయాలి" అనే ప్రశ్నే ఉండదు.


సెకండియర్_మద్దిలపాలెం:

ఇవన్నీ మా 14 మందిమీ కూర్చుని చదివాం, కొన్ని రెండేసి సార్లు. మేం అనుకున్నది చెప్తా, తప్పుంటే దిద్దండి.

హాస్టల్ పిల్లలది ఇప్పుడే పెట్టుకోవట్లేదు, పేరెంట్స్ పర్మిషన్లు మా వల్ల అయ్యే పని కాదు ప్రస్తుతానికి, ఎవరి తమ్ముళ్ళకి చెల్లెళ్ళకి వాళ్ళు రాస్తాం. ఒక వృద్ధాశ్రమం, ఒక హాస్పిటల్ వార్డు, అంతే. ఎన్ఎస్ఎస్ సార్‌తో మాట్లాడాం, లెటర్‌హెడ్ ఇస్తానన్నారు, ఫోటోలు వద్దు అంటే మొదట రిపోర్టుకి కావాలి కదా అన్నారు, తర్వాత సిస్టర్ అక్క రాసింది చదివి వినిపిస్తే సరే నోట్‌బుక్ కాపీ పెడదాం, అవతలివాళ్ళ పేర్లు కొట్టేసి అన్నారు. 14 మందిలో ఎనిమిది మంది ఆశ్రమంలో ఒక్కొక్క పెద్దమనిషికి, ఆరుగురు వార్డులో అటెండెంట్స్‌కి. మా ఫ్రెండ్‌ది ఒడిశాలోని జైపూర్, ఒడియా రాయడం కూడా వచ్చు, చేరతానంది, అంటే ఇప్పుడు 15.

నిన్న రాత్రి నేను మా తమ్ముడికి రాశాను, మొదటి ఉత్తరం. ధైర్యంగా ఉండు అని రాయలేదు. మన వీధి చివర పునుగుల బండి ఆయన చోటు మార్చాడు, ఇప్పుడు బస్టాప్ దగ్గర పెడుతున్నాడు, చట్నీ మాత్రం అదే, నువ్వొచ్చాక వెళ్దాం అని రాశా. పేజీ నిండిపోయింది, ఇంకా చెప్పాల్సినవి మిగిలిపోయాయి.

ఈ ఆదివారం సాయంత్రం 4 కి అందరం కలిసి కూర్చుని అడ్రస్‌లు రాయడం నేర్చుకుందామనుకుంటున్నాం. ఆర్కే బీచ్ అన్నారు మావాళ్ళు, గాలికి కాగితాలు ఎగిరిపోతాయి, అందుకని మా మేడ మీద షెడ్డులో. మేస్టారూ, మీరు సీతమ్మధారే కదా, దగ్గరే, ఒక్క గంట రాగలరా? మా నాన్నగారు వచ్చి తీసుకొస్తారు.


రిటైర్డ్_పోస్టు_మేస్టారు:

నాన్నగార్ని శ్రమపెట్టకమ్మా, నేనే నడుచుకుంటూ వచ్చేస్తాను, అడ్రస్ పర్సనల్ మెసేజ్‌లో పెట్టు, ఇక్కడ పెట్టకు. ఆదివారం పోస్టాఫీసు ఉండదు కాబట్టి శనివారమే ఇన్‌లాండ్లు ఓ 20, కార్డులు ఓ 50 తీసి ఉంచుతాను. పిల్లలందరికీ చెప్పు, బాల్ పెన్నులే తెచ్చుకోమని.